ఉమ్మడి కరెన్సీ పాఠాలు – 3: నిరుద్యోగ రేటు తగ్గితే ఉద్యోగాలు పెరిగినట్టేనా?

ఆర్థిక దెబ్బ (షాక్) ఒకే కరెన్సీ వాడే దేశాల కూటమి మొత్తానికి తగిలిందా, అందులో ఒక్క దేశానికే తగిలిందా అని తేల్చడం కిందటి భాగంలో చూశాం. ఈసారి, దెబ్బ తిన్న చోటు నుంచి జనం వలస పోతే అంకెలు ఎలా చదవాలో నేర్చుకుందాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి, చదివి వదిలేస్తే ఇది వంటబట్టదు.

సొంత కరెన్సీ ఉంటే దాని విలువ తగ్గనిచ్చి ఎగుమతులు పెంచుకోవచ్చు. యూరో వాడే దేశానికి ఆ దారి లేదు. ఒకే కరెన్సీ సాఫీగా నడవాలంటే పనివాళ్లు పని ఉన్న చోటికి కదలగలగాలని ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ 1961లోనే రాశాడు.

ఇప్పుడు లెక్క. పని చేసేవాళ్లు, పని వెతికేవాళ్లు కలిపి 100 మంది ఉన్నారు, అందులో 80 మందికి పని ఉంది. నిరుద్యోగం 20 శాతం. పని లేని 10 మంది వేరే దేశం వెళ్లిపోయారు. మిగిలింది 90 మంది, పని లేనిది 10 మందికే, అంటే రేటు 11.1 శాతానికి దిగింది. కొత్తగా ఒక్క ఉద్యోగమూ రాలేదు! పైగా వెళ్లినవాళ్లు ఇక్కడ పెట్టే ఖర్చు కూడా వాళ్లతోనే పోయింది కాబట్టి అంగళ్లలో, అద్దె ఇళ్ల దగ్గర బేరాలు తగ్గి ఇంకో రెండు ఉద్యోగాలు ఊడాయనుకోండి, అప్పుడు 90లో 12, రేటు 13.3 శాతం. అయినా మొదటి 20 కంటే తక్కువే కనిపిస్తుంది, మోసం అక్కడే ఉంది. అందుకే రేటు ఒక్కటే చూసి దేశం కోలుకుందని ఎవరైనా అంటే నమ్మకండి, పనిలో ఉన్నవాళ్ల సంఖ్య, పనిచేసే వయసు జనాభా కూడా దాంతో కలిపి చూడండి.

వలస అంత తేలిగ్గా జరగదు కూడా. 2013లో స్పెయిన్‌లో నిరుద్యోగం 26 శాతం చేరితే, అదే యూరో వాడే జర్మనీలో 5 శాతం దగ్గరే ఉంది. వెళ్లడానికి చట్టం అడ్డు లేదు, కానీ భాష రావాలి, ఇంటి లోన్ తెగాలి, పిల్లల చదువు చూసుకోవాలి. స్పెయిన్ వదిలి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అంతకుముందు బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే.

మీకో లెక్క: మొదటి ఏడాది 200 మందిలో 160 మందికి పని ఉంది. మరుసటి ఏడాది నిరుద్యోగం 15 శాతం, పనిలో ఉన్నది 153 మంది. లెక్కలోంచి ఎంతమంది తగ్గారు? వాళ్లు వలస పోయారా, పని వెతకడమే మానేశారా తేల్చడానికి ఇంకే అంకె కావాలి? జవాబు నాలుగో భాగంలో.