సర్వీస్ క్లబ్‌లో చేరాలనుకుంటున్నారా, ఇలా మొదలెట్టండి

సర్వీస్ క్లబ్ అంటే సభ్యులు కలిసి సేవా పనులు చేసే రోటరీ, లయన్స్ లాంటి క్లబ్. రోటరీని 1905లో చికాగోలో పాల్ హారిస్ మొదలెట్టాడు, లయన్స్ 1917లో వచ్చింది, పేరేదైనా పద్ధతి దాదాపు ఒకటే. ముందే ఫామ్ నింపేయకండి, గెస్ట్‌గా ఒకట్రెండు మీటింగులకి వెళ్లండి, అక్కడ పని గురించి మాట్లాడుతున్నారా లేక సన్మానాలూ ఫొటోలేనా అనేది ఇట్టే తెలిసిపోతుంది. ఫీజు సంగతి మొహమాటపడకుండా అడిగేయండి, ఎందుకంటే క్లబ్‌కే కాదు డిస్ట్రిక్ట్‌కీ (ఆ ప్రాంతంలోని క్లబ్బులన్నీ కలిసిన విభాగం) ఇంటర్నేషనల్‌కీ (పైనున్న ప్రపంచ సంస్థ) కూడా వాటా వెళ్తుంది.

చేరాక పదవి కోసం చూడకుండా ఏదో ఒక చిన్న పని పట్టుకోండి. కంటి క్యాంప్ అనుకోండి, చూపు పరీక్షించే అక్షరాల చార్ట్ నుంచి 6 మీటర్లు టేపుతో కొలిచి నేల మీద గీత గీయడం, వచ్చినవాళ్ల పేరూ ఫోన్ నంబరూ సరిగ్గా రాసుకోవడం, ఇవెవరూ చేయరు (మైక్ పట్టుకోడానికి మాత్రం పోటీ!). అసలు పని క్యాంప్ అయ్యాకే, ఆపరేషన్ కావాలన్నవాళ్లకి ఫోన్ చేసి వెళ్లారా లేదా కనుక్కోవాలి, తోడు లేకపోతే మీరే వెళ్లాలి.

స్నేహాలంటారా, కుర్చీలు సర్దేటప్పుడు కుదిరినంతగా మీటింగుల్లో కుదరవు, అందుకే చివరిదాకా ఉండండి. ఖర్చు లెక్క మాత్రం ఆరోజే గ్రూప్‌లో పెట్టేయండి.