మండపం కాడ పడుకుంటున్నావా తమ్మీ?

వినాయక చవితి వచ్చిందంటే మన నల్లగొండ గల్లీల్లో పోరగాళ్లు ఇంట్లో పడుకోరు, మండపం కాపలా ఉంటారు. ఇంటర్‌లో నేనూ అట్లే పడుకున్నాను. పదకొండు దాటాక పెద్దలు వెళ్లిపోయారు, మైకు బందయింది, మండపం వెనక నలుగురు చేరారు. అక్కడే ఒకరు నా ముందు గంజాయి చుట్టిన సిగరెట్ పెట్టారు. ఆయన ఎవరో కొత్తవాడు కాదు, నాకు సైకిల్ నేర్పిన అన్న. వద్దనడానికి నాకు గొంతు పెగల్లేదు. చివరికి "దీపంల నూనె చూసొస్తన్నా" అని లేచి వచ్చేశాను.

ఆ సాకు ఇప్పటికీ పనికొస్తుంది. అఖండ దీపం చూడాలి, నీళ్ల క్యాన్ తేవాలి, ఏదో ఒకటి చెప్పి లేచిపో. కూర్చుని వాదించకు. "దగ్గొస్తది" అంటే "మొదట్ల అందరికీ వస్తది" అంటారు. "శివుడే తాగిండు", "ఒట్టి ఆకే కదరా" అంటారు. ఉమ్మెత్త కూడా ఆకే. "వద్దన్నా, నేను తాగ" అను. పదిసార్లు అడిగినా అదే మాట అను, కారణం చెప్పకు. నీలాగే వద్దనుకునే దోస్తు ఒకడిని సాయంత్రమే చూసుకో. ఇద్దరుంటే ఆ మాట అనడం చాలా సులువు.

ఎవరి పొట్లమూ నీ బ్యాగులో, స్కూటీ డిక్కీలో పెట్టనియ్యకు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్ వైపు వచ్చే సరుకు మన 65వ నంబరు హైవే మీద పట్టుబడిన వార్తలు చూస్తూనే ఉన్నాం. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "నాది కాదు సార్" అని నిరూపించుకునే తిప్పలు నీవే.

తాగినవాడి బండి ఎక్కకు, నిమజ్జనం రోజు అసలే ఎక్కకు. ఆ మత్తులో బ్రేక్ మీదికి కాలు ఆలస్యంగా పోతుంది. మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి పదహారు, పదిహేడేళ్లకే మొదలుపెట్టినవాళ్లకు అలవాటు గట్టిగా పట్టుకుంటుంది. చదివింది గుర్తుండదు. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

దోస్తు తాగి గుండెదడతో, భయంతో వణుకుతుంటే ఒంటరిగా వదలకు. పిలిస్తే పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి. ఇప్పటికే అలవాటైనవాళ్లు మానాలనుకుంటే 14446కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. వాడుకుని దొరికినవాడు తనంతట తానే సర్కారు దవాఖానలో చికిత్సకు ముందుకొస్తే, కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ కూడా అదే చట్టంలో ఉంది.

అమ్మానాన్నలకు ఒక మాట. రోజుకొక పెద్దమనిషి వంతులవారీగా మండపం దగ్గరే పడుకోండి. పిల్లాడితో ముందే ఒప్పందం చేసుకోండి: రెండు మిస్డ్ కాల్స్ వస్తే "అమ్మకు బాగాలేదు, ఇంటికి రా" అని మీరే ఫోన్ చేయాలి. అర్ధరాత్రయినా సరే, బండి తీసుకుని వెళ్లి తీసుకురండి. ఎవరిచ్చారు, ఎందుకు కూర్చున్నావని తెల్లారినాక అడగొచ్చు.