చెట్ల నడుమ సంగీత నాటకం: సెయింట్ లూయిస్‌లోని మ్యూనీకి రెండు రోజుల ప్రయాణం

వేసవి సెలవుల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వెళ్ళే తెలుగు కుటుంబాలు సాధారణంగా మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఆర్చ్ అనే ఎత్తైన కమాను ఎక్కి, కింద పచ్చికలో ఫోటోలు దిగి, తెలిసినవారి ఇంట్లో భోజనం చేసి, మర్నాడు తిరుగుముఖం పడతాయి. అదే నగరానికి పడమటి వైపున ఉన్న ఫారెస్ట్ పార్కులో సుమారు పదకొండు వేల మంది ఆరుబయట కూర్చుని సంగీత నాటకం చూసే రంగస్థలం ఒకటి ఉంది. దాని పేరు మ్యూనీ. మునిసిపల్ ఒపేరా అన్న పాత పేరు జనం నోట కుదించుకుపోయి అలా నిలిచింది. అక్కడ ఒక రాత్రి గడపడం కోసమే రెండు రోజుల ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఆరుబయట నాటకం మనకు కొత్త కాదు. తిరునాళ్ళలో తెల్లవారేదాకా సాగే పద్యనాటకాన్ని చాప పరచుకుని చూసిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. మ్యూనీ కథ కూడా చెట్ల దగ్గరే మొదలవుతుంది. 1916లో షేక్స్‌పియర్ మరణించి మూడు వందల ఏళ్ళయిన సందర్భంగా ఇదే పార్కులో రెండు ఓక్ చెట్ల మధ్య ఆయన నాటకం ఒకటి ప్రదర్శించారు. దానికి వచ్చిన ఆదరణ చూసి, మరుసటి ఏడాది జూన్‌లో అదే చోట ‘ఐడా’ ఒపేరాను ఏర్పాటు చేశారు. 1919 నుంచి వేసవి ప్రదర్శనలు క్రమం తప్పకుండా మొదలయ్యాయి. హాలీవుడ్ తారగా పేరు పొందకముందు కేరీ గ్రాంట్ 1931 వేసవిలో ఈ వేదిక మీద నటించాడు. 2020లో కోవిడ్ వల్ల ప్రదర్శనలు ఆగాయి. అమెరికా నాటకరంగంలో పెద్ద గౌరవమైన టోనీ పురస్కారాలలో, ప్రాంతీయ రంగస్థలాలకు ఇచ్చేది 2025లో మ్యూనీకి దక్కింది.

ప్రయాణం తేదీని మీ సెలవును బట్టి కాక, నాటకాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఇది నా మొదటి సలహా. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు సాగే ఈ సీజన్‌లో మామూలుగా ఏడు నాటకాలు ఆడతారు. ఒక్కొక్కటి సుమారు వారం రోజులు మాత్రమే ఉంటుంది, ఆ తరువాత వేదిక మీద మరో నాటకపు సెట్టింగు వచ్చేస్తుంది. అందుచేత జూలైలో ఎప్పుడో ఒకప్పుడు వెళ్దామనుకుని ఊరుకుంటే మీకు నచ్చే నాటకం అప్పటికే ముగిసిపోవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను వెంట తీసుకుని వెళ్తున్నట్లయితే మాటల చమత్కారం మీద నడిచే నాటకం కంటే కథ ముందే తెలిసినదీ, నృత్యాలు ఎక్కువగా ఉన్నదీ ఎంచుకోవడం మంచిది. పాటలోని ఇంగ్లీషు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకే ఒక్కోసారి అందదు. ముందు రోజు రాత్రి పదిహేను నిమిషాలు కూర్చుని పెద్దవారికి కథ మొత్తం తెలుగులో చెప్పండి. రామాయణం తెలిసినవాడికే రామనాటకం ఎక్కువగా రుచించినట్లు, కథ తెలిస్తే వారి ఆనందం రెట్టింపవుతుంది.

టికెట్ల విషయంలో కొంచెం ఆలోచించాలి. కూర్చునే స్థలం ఒక సహజమైన వాలు మీద ఉంటుంది. వేదికకు దగ్గరగా బాక్సు సీట్లు, వాటి వెనుక ఏ, బీ, సీ అనే టెర్రసులు, అన్నిటికంటే వెనుక ఉచిత సీట్లు ఉంటాయి. ముందు వరుసల్లో నటుల ముఖాలు కనిపిస్తాయి, కానీ ధర ఎక్కువ. ఇంత పెద్ద వేదిక మీద, అంతమంది నర్తకులు కలిసి ఆడేటప్పుడు ఆ బారుల అమరిక పై నుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది. అందుకే టెర్రసులలో మధ్య భాగం ధరకూ దృశ్యానికీ సరిపోతుందని నా అభిప్రాయం. ఎక్కడ కూర్చున్నా ఒక చిన్న బైనాక్యులర్ చేతిలో ఉండాలి.

ఉచిత సీట్ల గురించి విడిగా చెప్పాలి. మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ ప్రకారం ప్రతి ప్రదర్శనకూ దాదాపు పదిహేను వందల సీట్లు, అంటే వెనుక తొమ్మిది వరుసలు, ఎవరైనా వచ్చి కూర్చోవడానికి వదిలేస్తారు. వాటికి టికెట్ అక్కరలేదు. ముందు వచ్చినవారికి ముందు. ఆ గేటు సాయంత్రం ఏడు గంటలకు తెరుస్తారు కాబట్టి, పేరున్న నాటకానికి, అందులోనూ వారాంతంలో, అంతకు చాలా ముందే వరుసలో నిలబడాలి. చదువుకునే పిల్లలకూ, నాటకం నచ్చుతుందో లేదో తెలియని వారికీ ఇంతకంటే మంచి అవకాశం లేదు. అయితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని ఎండలో వరుసలో నిలబెట్టి, ఆ తరువాత వాలు మీద చివరిదాకా ఎక్కించడం నాకు సమ్మతం కాదు. వారి కోసం టికెట్ కొనడమే న్యాయం. ముందు మీరొక్కరే ఉచిత సీటులో ఒక నాటకం చూసి, స్థలం అర్థమయ్యాక కుటుంబాన్ని తీసుకురావడం ఇంకా తెలివైన పని.

చికాగో నుంచి కారులో ఐ-55 హైవే మీద సుమారు మూడు వందల మైళ్ళు, కాన్సస్ సిటీ నుంచి ఐ-70 మీద సుమారు రెండు వందల యాభై మైళ్ళు. చికాగో నుంచి ఆమ్‌ట్రాక్ రైలు కూడా ఉంది, ఐదు గంటలకు అటూ ఇటూగా చేరుస్తుంది. ఇండియానాపొలిస్ నుంచి వచ్చేవారికి దారిలో గడియారం ఒక గంట వెనక్కి తిరుగుతుంది. ఆ లాభాన్ని తిరుగు ప్రయాణంలో మళ్ళీ చెల్లించాల్సి ఉంటుందని మరచిపోకూడదు. విమానంలో వచ్చేవారు విమానాశ్రయం నుంచి మెట్రోలింక్ అనే నగర రైలు రెడ్ లైన్ ఎక్కి ఫారెస్ట్ పార్క్–డెబాలివియర్ స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి మ్యూనీ దాదాపు ఒక మైలు నడక. బస చేయడానికి ఆర్చ్ దగ్గరి డౌన్‌టౌన్ కంటే పార్కుకు తూర్పున ఆనుకుని ఉన్న సెంట్రల్ వెస్ట్ ఎండ్ ప్రాంతాన్ని ఎంచుకోమంటాను. రాత్రి నాటకం ముగిశాక గది ఎంత దగ్గరగా ఉంటే అంత సుఖం.

ఇక పగటి సంగతి. ఈ ప్రయాణంలో తెలియక చేసే పెద్ద పొరపాటు పగలంతా తిరిగి అలసిపోవడం. జూలైలో ఇక్కడ మధ్యాహ్నం ఎండ సుమారు తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే ముప్పై రెండు సెల్సియస్ దాకా వెళ్తుంది. నది ఒడ్డు ఊరు కనుక విజయవాడ ఉక్కపోత గుర్తుకొస్తుంది. ఆ ఎండలో తిరిగినవారు నాటకం మొదటి అంకంలోనే కునుకు తీస్తారు. ఉదయం ఒక్కచోటు చూసి, మధ్యాహ్నం గదిలో రెండు గంటలు నిద్రపోయి, సాయంత్రానికి తాజాగా లేవాలి.

ఆ ఒక్క చోటు ఆర్చ్ అయితే ముందుగా టికెట్లు తీసుకుని పొద్దున్నే వెళ్ళండి. 630 అడుగుల ఎత్తున్న ఆ కట్టడం లోపల పైకి తీసుకెళ్ళే ట్రామ్ పెట్టెలు చాలా చిన్నవి, ఒక్కొక్కదానిలో ఐదుగురు మోకాళ్ళు తగిలేలా కూర్చోవాలి. ఇరుకు అంటే భయపడేవారు కిందే ఉండిపోయి మ్యూజియం చూడవచ్చు. ఆర్చ్ ఇంతకుముందే చూసినవారు ఫారెస్ట్ పార్కులోనే ఉండిపోవడం మేలు. 1904 నాటి ప్రపంచ ప్రదర్శన జరిగింది ఈ పార్కులోనే. కొండ మీది ఆర్ట్ మ్యూజియం భవనం ఆ ప్రదర్శన కోసం కట్టినదే. మ్యూజియంలోని శాశ్వత సేకరణకూ, జంతు ప్రదర్శనశాలకూ, చరిత్ర మ్యూజియానికీ ప్రవేశ రుసుము లేదు. నగర, కౌంటీ ప్రజలు 1971లో ఓటు వేసి తమ ఆస్తి పన్నులో కొంత ఆర్ట్ మ్యూజియానికీ, జంతు ప్రదర్శనశాలకూ కేటాయించుకున్నారు; చరిత్ర మ్యూజియం ఆ తరువాత చేరింది. ఊరివాళ్ళు కట్టే పన్నుతో మనం ఉచితంగా చూస్తున్నామన్నమాట. ఆర్ట్ మ్యూజియానికి సోమవారం సెలవు.

తిండి గురించి రెండు హెచ్చరికలు. ఈ ఊరి ప్రత్యేకతగా చెప్పే టోస్టెడ్ రావియోలి (లోపల కూరు పెట్టి నూనెలో వేయించిన పాస్తా) లోపల మామూలుగా గొడ్డు మాంసం పెడతారు. తినని వారు ముందుగా అడిగి తెలుసుకోవాలి. గూయీ బటర్ కేక్‌లోనూ, పాత రూట్ 66 మీద టెడ్ డ్రూస్ దుకాణంలో అమ్మే, ఐస్‌క్రీమ్ లాంటి ఫ్రోజెన్ కస్టర్డ్‌లోనూ గుడ్డు ఉంటుంది. గుడ్డు తినేవారు మాత్రం అక్కడ ‘కాంక్రీట్’ అనే రకాన్ని తప్పకుండా రుచి చూడాలి. కప్పును తలకిందులుగా తిప్పినా జారిపడనంత చిక్కగా ఉంటుంది.

రాత్రి భోజనాన్ని మాత్రం హోటల్‌కు వదిలిపెట్టవద్దు. మ్యూనీలోకి ఇంటి నుంచి తెచ్చుకున్న తినుబండారాలను అనుమతిస్తారు. అయితే గాజు సీసాలూ, గట్టి ప్లాస్టిక్ కూలర్లూ కుదరవు, మెత్తని సంచిలోనే తీసుకెళ్ళాలి. బయలుదేరే ముందు వారి తాజా నిబంధనలు ఒకసారి చదువుకోవాలి. ఆవకాయ సీసాతో గేటు దగ్గర నిలబడి వాదించడం కంటే ముందే దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవడం సులువు. ఆ ఎండకు పెరుగన్నం పులిసిపోతుంది కానీ, పులిహోర ఉదయం కలిపినది సాయంత్రానికి ఇంకా రుచిగా ఉంటుంది. చేతితో తినడానికి మొహమాటపడే పిల్లలకు చపాతీ చుట్టలు చాలు. మంచినీళ్ళు మనిషికి ఒక సీసా చొప్పున ఉండాలి.

నాటకం చాలా ఏళ్ళుగా రాత్రి 8:15కు మొదలవుతోంది. మీ టికెట్ మీది సమయాన్ని సరిచూసుకుని, దానికి కనీసం గంటన్నర ముందు పార్కులో ఉండాలి. పార్కింగ్‌కు చోటు దొరకడం ఒక కారణమైతే, చీకటి పడకముందే ఆ స్థలాన్ని చూడడం మరో కారణం. జూన్ నెలాఖరులో ఇక్కడ సూర్యాస్తమయం దాదాపు ఎనిమిదిన్నరకు. తెర లేచేసరికి ఇంకా వెలుతురు ఉంటుంది, అందుచేత మొదటి పాటల్లో రంగుదీపాల ప్రభావం అంతగా తెలియదు. ఇంతేనా అని అప్పుడే నిరాశపడకండి. అరగంట గడిచేసరికి ఆకాశం నీలం నుంచి నలుపుకు తిరుగుతుంది, దీపాలకు బలం వస్తుంది, చెట్లలో కీటకాల రొద వాద్యబృందంతో పోటీ పడుతుంది. ఈ మార్పును హాల్లో కూర్చుని చూసే నాటకం ఇవ్వలేదు. పై నుంచి గాలి కొట్టే భారీ పంకాలు ఉన్నా, పలుచని నూలు బట్టలే వేసుకోవాలి. దోమల మందు రాసుకోవాలి.

ప్రదర్శనకు ముందు వాద్యబృందం అమెరికా జాతీయ గీతం వాయిస్తుంది, అందరూ లేచి నిలబడతారు. ఆ తరువాత ఒక పాట ఎంత నచ్చినా మన పద్యనాటకాల్లోలాగా ‘వన్స్ మోర్’ అని కేక వేసే ఆచారం ఇక్కడ లేదు. మన నటుడు ఆ కేకకు పొంగిపోయి పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఇక్కడివారు చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబడి, కథలో ముందుకు వెళ్ళిపోతారు. గుంపు పాటల్లో కనిపించే పిల్లలలో, కుర్రవారిలో చాలామంది ఈ ఊరివారే, మ్యూనీ వారు ఎంపిక చేసి తర్ఫీదు ఇచ్చినవారు. మొత్తం నాటకం తయారీకి దొరికే సాధన రెండు వారాల లోపే అని తెలుసుకుని చూస్తే, వారి అడుగుల కలయిక మరింత ముచ్చట గొలుపుతుంది.

వాన వస్తే? చినుకు పడగానే ఆట రద్దు చేయడం వీరి పద్ధతి కాదు. మబ్బు దాటేదాకా ఆగి, వేదిక తుడిచి, మళ్ళీ మొదలుపెట్టడానికే చూస్తారు. అందుచేత వాన మొదలైన వెంటనే కారు దగ్గరకు పరుగెత్తవద్దు. గొడుగు విప్పితే వెనుకవారికి అడ్డం కాబట్టి టోపీ ఉన్న పలుచని రెయిన్‌కోటు వెంట ఉంచుకోండి. సీటు తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు కూడా. పూర్తిగా రద్దయితే టికెట్ ఏమవుతుందన్న నియమాన్ని కొనేటప్పుడే చదువుకోవాలి. దూరం నుంచి వచ్చేవారు వీలైతే శుక్రవారం రాత్రి ఆటకు టికెట్ తీసుకుని, శనివారాన్ని చేతిలో ఉంచుకోవడం మంచిది. శుక్రవారం నాటకం తడిసిపోయినా, మరుసటి రాత్రి ఉచిత సీట్ల వరుస ఉండనే ఉంటుంది.

ఆట ముగిసేసరికి దాదాపు పదకొండు అవుతుంది, వేలమంది ఒకేసారి లేస్తారు. కారు ఉన్నా తొందరపడి లాభం లేదు. మిగిలిన పులిహోర తింటూ ఇరవై నిమిషాలు కూర్చుంటే దారి దానంతట అదే ఖాళీ అవుతుంది. టాక్సీ పిలిచేవారు గేటు ముందు కాకుండా కొంచెం దూరం నడిచి పిలవాలి. మెట్రోలింక్ నమ్ముకున్నవారు చివరి రైలు సమయాన్ని పగలే చూసి పెట్టుకోవాలి. మర్నాడు ఉదయం ఆలస్యంగా లేచి, పడమటి శివార్లలోని బాల్విన్‌లో ఉన్న హిందూ దేవాలయానికి వెళ్ళి దర్శనం చేసుకుంటే, కాన్సస్ సిటీ వైపు వెళ్ళేవారికి అది దారికి పెద్ద దూరం కూడా కాదు.