ఆదివారం అబిడ్స్‌కు గుడ్డ సంచితో వెళ్లండి

హైదరాబాద్‌లో అబిడ్స్ చూడాలంటే ఆదివారమే మంచిది. చాలా దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. బండి ఇంట్లో వదిలేసి మెట్రోలో గాంధీభవన్ దగ్గర దిగితే నడిచి వెళ్లొచ్చు. చిల్లర మరవకండి. వెతుకుతున్న పుస్తకం కనబడితే ముఖంలో సంబరం కనిపించనీయకండి, ధర అక్కడే పెరుగుతుంది. బేరానికి ముందే చివరి పేజీలు తిప్పి చూడండి. ఒకసారి ఆఖరి అధ్యాయం లేని డిటెక్టివ్ నవల కొన్నాను. హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు! తిరిగి వచ్చేటప్పుడు 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ కోసం ఆగండి. సీతాఫలాల కాలమైతే ఆ ఐస్‌క్రీమే అడగండి. పుస్తకాల సంచి మాత్రం కాస్త ఎడంగా పెట్టుకోండి, ఐస్‌క్రీమ్ తొందరగా కరుగుతుంది.