రోహిణి కార్తెకు ముందే చూసుకోండి: కారుకు స్కూపు పెట్టారు సరే, గాలి బయటికి ఎటు పోతుంది?

ఈ మధ్య తణుకు, రావులపాలెం మధ్య హైవే మీద ఒక స్పోర్ట్స్ కారు డివైడర్‌ను గుద్దింది. నడిపే కుర్రాడికి మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది. అతివేగమే కారణమని అందరూ అనుకున్నారు. కారు షెడ్డుకొచ్చాక బానెట్ ఎత్తి చూస్తే సంగతి వేరు. ఇంజిన్ వేడెక్కుతోందని అతను బానెట్ మధ్యలో కోయించి రేకుతో స్కూపు, అంటే ఎదురుగాలిని పట్టి లోపలికి పంపే నోరు, పెట్టించాడు. వేడి తగ్గలేదు, పెరిగింది. రంధ్రం చాల్లేదేమోనని ఇంకా పెద్దది చేయించాడు. వేడిగాలి వెళ్ళిపోతుందని ఎవరో చెబితే కీళ్ళ దగ్గర వాషర్లు పెట్టి బానెట్ వెనక అంచు పైకి లేపాడు. ఎండలో పోతుండగా రేడియేటర్ పై గొట్టం పగిలింది. మరిగిన కూలెంట్ ఆవిరి ఆ వెనక సందులోంచి తన్నుకొచ్చి అద్దమంతా కమ్మేసింది. ఎదురుగా రోడ్డు కనిపించలేదు.

రోహిణి కార్తె వస్తోంది. రాజమండ్రి, తాడేపల్లిగూడెం, భీమవరం కుర్రాళ్ళు స్కూపుల కోసం డెంటింగ్ షెడ్లు తిరిగే రోజులివి. కూలెంట్ చూసుకోండి, టైర్లలో గాలి చూసుకోండి అని ఎవరైనా చెబుతారు. మంచి మంచి ఇంజిన్లను పాడుచేసిన ఒక్క తప్పు గురించి నేను చెప్పాలి. అందరూ గాలి లోపలికి వచ్చే దారి చూస్తారు. బయటికి పోయే దారి చూడరు.

గాలి ఎందుకు కదులుతుంది

రేడియేటర్‌లోంచి గాలి దూరాలంటే ముందు ఒత్తిడి ఎక్కువ ఉండాలి, వెనక తక్కువ ఉండాలి. ఆ తేడాయే గాలిని నడుపుతుంది. ముందు బంపర్ కన్నాల్లోంచి వచ్చిన గాలి రేడియేటర్ దాటి, ఇంజిన్ చుట్టూ తిరిగి, కిందనుంచి బయటికి పోతుంది. ఇప్పుడు మీరు బానెట్ మధ్యలో ఎదురుగాలి పట్టే స్కూపు పెట్టారనుకోండి. ఆ గాలి ఎక్కడ పడుతుంది? రేడియేటర్ వెనక పడుతుంది. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ముందుకీ వెనక్కీ తేడా తగ్గుతుంది. రేడియేటర్‌లోంచి దూరే గాలి పలచబడుతుంది. అంటే మీరు డబ్బు పెట్టి రేడియేటర్‌కు అడ్డం కట్టారు.

డెల్టాలో పుట్టినవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. నీరు పెట్టే బోదె ఎంత వెడల్పు చేసినా, మురుగు కాలువ పూడిపోయి ఉంటే చేను మునుగుతుంది.

చాలామంది సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఫొటో చూపించి "దానికుంది కదా" అంటారు. దానికున్న స్కూపు రేడియేటర్ కోసం కాదు. ఇంజిన్ పైన పడుకోబెట్టిన ఇంటర్‌కూలర్ కోసం, అంటే టర్బో నొక్కి పంపే గాలిని ఇంజిన్‌లోకి పోకముందు చల్లార్చే పెట్టె కోసం. స్కూపు కింద సరిగ్గా ఇంటర్‌కూలర్ ఉంటుంది, గాలి దానిలోంచే దూరేలా చుట్టూ మూసి ఉంటుంది. మీ కారులో ఇంటర్‌కూలర్ బంపర్ వెనక ఉంటే ఆ స్కూపుతో దానికి ఒరిగేదేమీ లేదు.

ఇక వెనక అంచు లేపడం. కారు వేగంగా పోతుంటే ముందు అద్దం మొదట్లో గాలి కుప్పపడి ఒత్తిడి పెరుగుతుంది. 1970 షెవర్లే షెవెల్‌లో కౌల్ ఇండక్షన్ అనే ఏర్పాటు ఉండేది. దాని నోరు అద్దం వైపు తిరిగి, ఆ ఒత్తిడి గాలినే ఇంజిన్‌కు అందించేది. గాలి లోపలికి దూరే చోటు అది. అక్కడ సందు వదిలి వేడి బయటికి పోవాలంటే వేగం మీద పోదు. బండి ఆగినప్పుడు కొంత పోతుంది. మీకు ఆవిరి వస్తే మాత్రం మొదట అద్దం మీదికే వస్తుంది. వాషర్లు తీసేయండి.

కోయకముందు చేయాల్సినవి

సగం కార్లకు అసలు స్కూపు అక్కర్లేదు. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులు మూస్తే సరిపోతుంది. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది. పక్కన రెండు వేళ్ళ సందుంటే రేడియేటర్ రెక్కల్లోంచి ఎందుకు దూరుతుంది? యాక్సిడెంట్ రిపేరు జరిగిన కార్లలో ఈ పక్క రబ్బర్లు, ప్లాస్టిక్ పలకలు తిరిగి బిగించరు. బిగించండి. దొరక్కపోతే అల్యూమినియం రేకుతో చేయించి అంచులకు రబ్బరు బీడింగ్ పెట్టండి. ఇదీ ఇంట్లో చేసుకునే గాలి దారే. పైకి కనిపించదు కాబట్టి కుర్రాళ్ళకు నచ్చదు, కానీ పని చేసేది ఇదే.

ఇంజిన్ కింద పలకను గాలి ఆడటానికని ఊడదీస్తారు. చాలా కార్లలో ఆ పలక రేడియేటర్ వెనక ఒత్తిడిని తక్కువగా ఉంచుతుంది. తీసేస్తే కింది గాలి పైకి ఎగదన్నుతుంది. మళ్ళీ అదే తప్పు, బయటికి పోయే దారి మూసుకోవడం.

సాయంత్రం చెరువుల గట్ల వెంట తిరిగే కార్లకు రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ మీద పురుగులు అట్టకట్టి ఉంటాయి. దాళ్వా కోతలప్పుడు పొట్టు, దుమ్ము తోడవుతాయి. వెనకనుంచి ముందుకు, మెల్లటి నీటి ధారతో కడగండి. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ వద్దు, రెక్కలు వంగిపోతాయి.

కూలెంట్‌లో బోరు నీళ్ళు కలపకండి. కోనసీమలో, నరసాపురం వైపు బోరు ఎంత ఉప్పగా ఉంటుందో మీకే తెలుసు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు తీయకండి. స్కూపు పెట్టినా, పెట్టకపోయినా ట్రాఫిక్‌లో మిమ్మల్ని కాపాడేది ఫ్యానే. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో పూర్తిగా పట్టుకుంటే దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టేంత ఒత్తిడి వస్తుంది. 25లో అందులో పదహారో వంతు. రాజమండ్రి దేవీచౌక్ సెంటర్లో పాకుతుంటే స్కూపు ఉండీ లేనట్టే.

కొలవకుండా నమ్మకండి

మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన పైపు ఉంటుంది కదా, అదే రకంలో సన్నది తీసుకోండి. ఒక కొస రేడియేటర్ ముందు, ఇంకో కొస వెనక ఇంజిన్ గదిలో, వేడి భాగాలకూ ఫ్యానుకూ తగలకుండా కట్టండి. కొసలు గాలికి ఎదురుగా కాకుండా అడ్డంగా ఉండాలి. మధ్య భాగం లోపలికి తెచ్చి చెక్కకు 'యు' ఆకారంలో బిగించి, కొంచెం రంగు నీళ్ళు పోయండి. పక్క సీటులో ఒకరు కూర్చుని చూడాలి, నడిపేవాళ్ళు చూడకూడదు. 80లో స్థిరంగా పోతే రెండు మట్టాల మధ్య ఎంత తేడా ఉందో రాసుకోండి. స్కూపు పెట్టాక అదే రోడ్డు, అదే వేగం. తేడా తగ్గిందా, స్కూపు మీ కారును వేడెక్కిస్తోంది. పెరిగిందా, మంచిది.

వేడిగాలి పోయే కన్నాలు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి బానెట్ మీద ఊలు దారం ముక్కలు అంటించి, పక్కన పోయే కారులోంచి వీడియో తీయించండి. మామూలుగా బానెట్ ముందు భాగం, రేడియేటర్‌కు కాస్త వెనక, ఒత్తిడి తక్కువగా ఉంటుంది. గాలి పీల్చేసే చోటు అది. అద్దం దగ్గర కాదు.

డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లును నమ్మకండి. చాలా కార్లలో అది కొన్ని డిగ్రీల తేడా వచ్చినా మధ్యలోనే నిలబడుతుంది. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ స్కానర్ పెట్టి అసలు అంకె చూడండి.

ఇంజిన్ వెనక ఉండే కార్లకు తలుపు వెనక స్కూపు పెట్టేవాళ్ళకూ ప్రశ్న అదే. వెనక మూత మీద గాలి పోయే జాలీ ఎంత ఉంది? పక్కనుంచి ఎంత లోపలికి నెట్టినా, ఆ గాలి బయటికి పోకపోతే ఇంజిన్ గది ఉడుకుతుంది.

ఇక మిగతావి. వరుసగా చెబుతున్నా, ఒక్కటీ దాటెయ్యకండి.

ఫ్లెక్సీ, పీవీసీ పైపు, ప్లాస్టిక్ డబ్బా ముక్కలు బానెట్ కింద పెట్టకండి. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే మొదటి గొట్టం, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, వేడి కొన్ని వందల డిగ్రీలు. కరిగి కారితే మంటే.

పడవలు చేసే ఫైబర్‌తో స్కూపు చేయించినా టర్బో దగ్గరికి రానివ్వకండి. అదీ అంటుకుంటుంది.

సముద్రం దగ్గర తిరిగే కారుకు అల్యూమినియం రేకు మీద స్టీలు రివెట్లు కొట్టకండి. ఉప్పుగాలికి రివెట్ల చుట్టూ రేకు తినుకుపోతుంది, ఒకరోజు స్కూపు ఊడి వెనకవాడి అద్దం మీద పడుతుంది.

బానెట్ లోపలి పక్కటెముకలు కోయకండి.

బానెట్ లాక్ వదులుగా ఉంటే ముందు అది బాగుచేయించండి. ఎదురుగాలి పట్టే స్కూపు మూతను పైకి లేపడానికే చూస్తుంది.

అంచులు మొనదేలి ఉండకూడదు. రోడ్డు మీద సైకిళ్ళు, పిల్లలు ఉన్నారు.

ఎయిర్ ఫిల్టర్‌కు గాలి గొట్టం బంపర్ కిందికి దించకండి. జులైలో గట్టు రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళలో పోతారు. ఇంజిన్ నీరు మింగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బానెట్ కన్నాల కింద ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, కాయిల్స్ ఉన్నాయా? నీరు పక్కకు పోయే తొట్టి పెట్టకుండా కోయకండి.

బ్రేకులకు గొట్టం వేస్తే డిస్కు మధ్యలోకి గాలి పోవాలి. ఒక ముఖం మీదే కొడితే డిస్కు వంగుతుంది, పగులుతుంది. స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి గొట్టం టైరుకు తగలకుండా చూడండి.

రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా పోకండి. స్కూపుల్లో, కింద పలకలో ఇరుక్కుని ఎగ్జాస్ట్‌కు తగులుతుంది. పోక తప్పకపోతే దాటాక ఆగి, ఇంజిన్ ఆపి, కిందికి వంగి చూడండి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. బాడీ కోయకముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ళకు రాతలో చెప్పండి.

వేడి పెరుగుతుంటే ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా పెట్టండి, అద్దాలు దించండి, పక్కకు తీయండి. ఆవిరి కనిపించినా, కూలెంట్ కారినా వెంటనే ఇంజిన్ ఆపండి.

వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. గుడ్డ అడ్డం పెట్టి కూడా వద్దు. లోపల నీరు ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటి ఉంటుంది, మూత వదులవగానే ముఖం మీదికి మరిగి లేస్తుంది. అరగంటకు పైగా ఆగండి, గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడాలి.

కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఇంటికి చేరదామనుకోకండి. స్కూపు ఉన్న కారు కదిలినంతసేపూ మంటకు గాలి ఊదుతూనే ఉంటుంది. ఆపండి, అందరూ దిగండి, దూరం జరగండి, 101కి ఫోన్ చేయండి. బానెట్ పూర్తిగా ఎత్తకండి. చేతిలో పౌడర్ సిలిండర్ ఉండి, మంట చిన్నదైతేనే, మొదటి లాక్ వదిలిన సందులోంచి కొట్టండి.

రేకు కత్తిరించే ముందు మీ మెకానిక్‌ను ఒక్కటే అడగండి: ఈ గాలి బయటికి ఎటు పోతుంది? చేత్తో చూపించలేకపోతే కారు వెనక్కి తెచ్చేసుకోండి.