పాత మిద్దె దించుతున్నారా? మన్ను ఎత్తే ట్రాక్టరును ముందే మాట్లాడుకోండి

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పాత వీధుల్లో మట్టిమిద్దెలు ఇంకా ఉన్నాయి. అలాంటి మిద్దె దించి స్లాబు వేయాలనుకున్నప్పుడు సిమెంటు, కంబి, బేల్దారి కూలి అన్నీ లెక్క వేస్తారు గానీ, పైనుంచి దిగే మన్ను ఎక్కడికి పోవాలనేది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీరా పని మొదలయ్యాక వీధిలో కుప్ప పడుతుంది, ఆటో పోదు, పక్కింటివాళ్లతో మాట పడాలి, అప్పటికప్పుడు దొరికిన ట్రాక్టరుకు అడిగినంత ఇచ్చుకోవాలి. అందుకే గడ్డపార పట్టకముందే బండి, మన్ను పోసే చోటు రెండూ ఖాయం చేసుకోండి. అమెరికాలో అయితే ఇంటి ముందు డంప్‌స్టర్ అనే పెద్ద ఇనుప తొట్టి పెట్టించుకుని, నిండాక తీసుకుపొమ్మంటారు. మనకు ఆ పని చేసేది ట్రాక్టరు ట్రాలీ.

మొదట మన్ను ఎంతుందో చూడండి. మిద్దె ఎక్కి గవాచి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) అంచు దగ్గర కూర్చుంటే అంతా తెలిసిపోతుంది: కింద దంతెలు (దూలాల మీద అడ్డంగా పరిచిన కట్టెలు), వాటి మీద బండలో కట్టెలో, ఆపైన ఎర్రమన్ను, అన్నిటికీ మీద తెల్లగా చవుడు. వానలకు ముందు ఏటా చవుడు పోస్తూ వచ్చిన మిద్దె అడుగు మందం దాటి కూడా ఉండొచ్చు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గదికి అడుగు మందమంటే 300 ఘనపుటడుగులు. తవ్వాక మన్ను పొంగుతుంది కాబట్టి ఇంకో పాతిక శాతం కలుపుకోండి. మామూలు ట్రాలీ పట్టేది ఇంచుమించు 100 ఘనపుటడుగులు, అంటే ఒక్క గదికే నాలుగు ట్రిప్పులు. బండలు, దూలాలు వేరే.

పాత స్లాబు పగలగొట్టేవాళ్లు సైజు కాదు, బరువు చూసుకోవాలి. అదే గదికి 5 అంగుళాల స్లాబంటే ఎనిమిది టన్నులు దాటుతుంది. ట్రాలీ పైదాకా నింపితే టైర్లు, ఇరుసు తట్టుకోవు, సగానికి కాస్త పైన ఆపేయాలి.

ఇక బేరం. ట్రిప్పుకింతా, రోజుకింతా అని ముందే తేల్చుకోండి. పైనుంచి నేరుగా ట్రాలీలోకి దించే వీలుంటే రోజు బాడుగే మేలు, ఎందుకంటే నిండేదాకా బండి అక్కడే నిలబడాలి. సందు ఇరుకై, మన్ను గంపలతో మోయాల్సి వస్తే ట్రిప్పు లెక్క మాట్లాడుకోండి. ఎత్తే కూలీలు బాడుగలోనే వస్తారా, హైడ్రాలిక్ ట్రాలీయేనా (తనంతట పైకి లేచి మన్ను ఒంపేది), మన్ను ఎక్కడ పోస్తారు, ఈ మూడూ నోరు తెరిచి అడగాలి. మూడోదానికి 'ఎక్కడో ఒకచోట పోస్తాంలే' అంటే ఒప్పుకోవద్దు. మన కడపలో 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వంకలో మన్ను పోస్తే నీళ్లు పోయే దారి మనమే మూసినట్టు. దగ్గర్లో ఎవరైనా పునాది పూడ్చుకుంటున్నారేమో విచారించండి, వాళ్లకు మన్ను కావాలి, మీకు దూరం తగ్గుతుంది. ఎవరూ లేకపోతే మున్సిపాలిటీలో అడిగి వాళ్లు చూపిన చోటే పోయించండి. పైన తీసిన చవుడు మాత్రం పొలానికి ఇవ్వవద్దు, నేల పాడవుతుంది.

ట్రాలీని గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టించండి, కానీ చక్రం కాలువ మీది బండ ఎక్కకూడదు, నిండిన ట్రాలీ బరువుకు అది పగులుతుంది. గోడకూ ట్రాలీకీ మధ్య సందులో పట్టా కట్టండి. పైన వేలాడే సర్వీసు వైరును కరెంటు వాళ్లకు చెప్పి ముందురోజే తీయించండి.

దించేటప్పుడు తొందర అసలు పనికిరాదు. మన్నంతా ఒకచోటికి లాగి కుప్ప వేస్తే కింద దంతె పుచ్చి ఉంటే మనిషితో సహా కూలుతుంది. పలచగా, అన్ని వైపుల నుంచీ సమంగా తీస్తూ రావాలి. నిలబడేవాళ్లు దూలం ఉన్న వరస మీదే నిలబడాలి, కింద గదిలో పిల్లలు కాదు కదా పిల్లి కూడా ఉండకూడదు. దుమ్ము అణగడానికి నీళ్లు చిలకరిస్తే చాలు, తడిపారంటే మన్ను బరువెక్కుతుంది. పాత మన్నులో, కట్టెల సందుల్లో తేళ్లు, జెర్రులు ఉంటాయి, చేత్తో తోడవద్దు, పారతోనే తీయండి. మన్నంతా దిగాకే బండలు, ఆ తర్వాతే దంతెలు, చివర దూలాలు. బండల్ని విసరకుండా తాడు కట్టి దించితే పగలవు, మళ్లీ వాకిట్లో పరుచుకోవచ్చు. దూలాలు టేకువైతే పాత కలప కొనేవాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలిచి అడగండి, మొదట వచ్చినవాళ్లకే ఇచ్చేయకండి.

మన్ను, ఇటుకల పెళ్లలు, కాంక్రీటు, ఇనుము-కలప వేర్వేరుగా పెట్టాలని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనూ చెప్పారు. మనకూ అదే లాభం. అన్నీ కలిపి పోసిన మన్నును పునాదికి ఎవరూ తీసుకోరు.

ఇంటి వెనక పాత సిమెంటు రేకుల వసారా కూడా తీసేస్తుంటే ఒక్క మాట. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పగిలితే వచ్చే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తెస్తుంది. సుత్తితో కొట్టకండి. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకుగానే దించండి. మూతికి గుడ్డ చాలదు, మంచి మాస్కు వేసుకోవాలి. వాటిని మన్ను ట్రాలీలో కలపకుండా మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి వేరుగా పంపండి.

ఈ పనంతా ఎండాకాలంలోనే పెట్టుకోండి. మిద్దె దిగాక స్లాబు పడేలోపు అకాల వాన పడితే మట్టి గోడలు పైనుంచి నాని జారతాయి. చివరి ట్రిప్పు పోయిన సాయంత్రమే గోడల నెత్తిన పట్టా కప్పి, గాలికి లేవకుండా దించిన బండలే బరువు పెట్టండి.