ఖసబ్ బీచ్‌లో టెంట్ వేయాలంటే: దుబాయ్ బ్యాచ్‌కి వీకెండ్ గైడ్

దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో ఉండే మనవాళ్ళకి చలికాలం రాగానే ఒక గోల మొదలవుతుంది, "ఈ వీకెండ్ ఒమన్ పోదాంరా, బీచ్‌లో క్యాంపింగ్" అని. వాట్సాప్ గ్రూపు పెడతారు, దానికో పేరు పెడతారు, టెంట్ల ఫొటోలు పెడతారు, చివరికి ఇక్కడే ఉన్న జెబెల్ జైస్ కొండ ఎక్కి కరక్ టీ తాగి దిగొచ్చేస్తారు. ట్రిప్పు ఆగిపోయేది టెంట్ లేక కాదు, ఎవరో ఒకరి కాగితం సరిగ్గా లేక. అందుకని సామాన్ల లిస్టు తర్వాత రాసుకోండి, ముందు కాగితాలు చూసుకోండి.

ఖసబ్ ఉండేది ముసందమ్‌లో. ఆ ముక్క ఒమన్‌దే గానీ మిగతా ఒమన్‌తో కలిసి ఉండదు, మధ్యలో యూఏఈ ఉంది. దుబాయ్ నుంచి రస్ అల్ ఖైమా, షామ్ మీదుగా అల్ దారా బోర్డర్ దాటితే అవతల టిబాట్, అక్కడి నుంచి కొండ అంచున సముద్రాన్ని ఆనుకుని వేసిన రోడ్డు మీద బుఖా దాటుకుంటూ ఓ 40 కిలోమీటర్లు వెళ్తే ఖసబ్. మొత్తం 200 కిలోమీటర్ల చుట్టూ. మ్యాప్‌లో డిబ్బా వైపు నుంచి కూడా దారి కనిపిస్తుంది, దాన్ని నమ్ముకోకండి, ఆ కొండదారిలో మనలాంటి విదేశీయుల్ని ఖసబ్ దాకా వదలరు.

వీసా విషయం. యూఏఈ రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్ళకి ఒమన్ వీసా బోర్డర్‌లోనూ ఇస్తారు, కానీ రాయల్ ఒమన్ పోలీస్ ఈ-వీసా సైట్‌లో ముందే తీసుకుని ప్రింట్ పెట్టుకుంటే కౌంటర్ దగ్గర పని తొందరగా అవుతుంది. పాస్‌పోర్ట్ గడువు ఆరు నెలలకు తగ్గకుండా ఉందో లేదో అందరివీ చూడండి. రెసిడెన్సీ గడువు దగ్గరపడినవాళ్ళు రెన్యువల్ అయ్యాకే రావడం మంచిది. ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు: ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన తమ్ముడినో బావమరిదినో "వాడూ వస్తాడులే" అని ఎక్కించుకుంటారు. వాడిది సింగిల్ ఎంట్రీ అయితే యూఏఈ ఎగ్జిట్ స్టాంపు పడగానే ఆ వీసా అయిపోయినట్టే. ఒమన్‌లోకి పోవడం తేలికే, తిరిగి రావడానికే కొత్త వీసా కావాలి. అలాంటివాళ్ళని ఇంట్లోనే ఉంచండి, అలిగినా సరే.

బండికి మూడు కావాలి. ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు), ఒమన్‌కి కూడా వర్తించే ఇన్సూరెన్స్, బండి మీ పేరు మీద లేకపోతే ఓనర్ ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, కొన్ని పాలసీల్లో ఒమన్ కవర్ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఉన్నా దానికి విడిగా ఆరెంజ్ కార్డు అనే కాగితం ఇస్తారు, బోర్డర్‌లో అడిగేది దాన్నే. ఇన్సూరెన్స్ కంపెనీకి వారం ముందు ఒక మెయిల్ కొడితే పంపుతారు. లేనివాళ్ళు బోర్డర్ దగ్గర కొనుక్కోవచ్చు, కాకపోతే రేటు వాళ్ళు చెప్పిందే. రెంట్ కారైతే ఎన్‌ఓసీ లేకుండా బయల్దేరనే వద్దు. యూఏఈ వైపు ఎగ్జిట్ ఫీజు మనిషికి 35 దిర్హాముల దాకా ఉంటుంది, బ్యాంక్ కార్డు దగ్గర పెట్టుకోండి.

మందు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. రోడ్డు బోర్డర్ మీదుగా ఒమన్‌లోకి మద్యం తీసుకెళ్ళడం నిషేధం, డిక్కీ తెరిచి చూస్తారు. స్లీపింగ్ బ్యాగ్‌లో చుట్టి దాచే తెలివితేటలు అక్కడి కస్టమ్స్ వాళ్ళకి కొత్తేం కాదు. డ్రోన్‌కి ముందస్తు పర్మిషన్ కావాలి, అది లేకపోతే ఇంట్లో వదిలేయండి. రోజూ వేసుకునే మాత్రలుంటే ప్రిస్క్రిప్షన్ పెట్టుకోండి. హార్ముజ్ జలసంధి పక్కనే వెళ్తున్నారు కాబట్టి ఆ వారం వార్తలు, బోర్డర్ తెరిచి ఉందా లేదా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే నవంబర్ నుంచి మార్చి మధ్య దాకా. రోజుల లెక్కలో ఒక చిన్న లాభం ఉంది. 2022 జనవరి నుంచి యూఏఈలో సెలవులు శని, ఆదివారాలయ్యాయి, ఒమన్‌లో మాత్రం ఇప్పటికీ శుక్ర, శనివారాలే. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే మన జనమంతా బోర్డర్‌లోనే కనిపిస్తారు, అక్కడ బీచ్ కూడా లోకల్ ఫ్యామిలీలతో నిండి ఉంటుంది. శనివారం పొద్దున్నే నాలుగింటికి లేచి బయల్దేరండి. మీరు టెంట్ వేసే సాయంత్రానికి ఆ లోకల్ వాళ్ళు మర్నాటి ఆఫీసుల కోసం సర్దుకుంటుంటారు, రాత్రికి బీచ్ దాదాపు మీదే.

చోటు విషయంలో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది బస్సా బీచ్. ఖసబ్ ఊరికి దగ్గర, మామూలు కారు వెళ్తుంది, నీడకి షెడ్లు, టాయిలెట్లు ఉన్నాయి. ఫొటోల్లో చూసి అందరూ ఖోర్ నజ్ద్ అనే బీచ్ కావాలంటారు. అందంగా ఉంటుంది, కాదనను, కానీ కొండ మీది నుంచి వంకర్లు తిరుగుతూ దిగే కంకర దారికి ఫోర్ బై ఫోర్ ఉండాలి, దాన్ని నడపడం వచ్చినవాడూ ఉండాలి. రోడ్డే లేని చిన్న బీచ్‌లకి పడవలో దింపి మర్నాడు వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఖసబ్‌లో ఉన్నారు, పెద్ద గ్రూపుకి అది బాగుంటుంది. ఎక్కడైనా సరే, వాగు దారిలో మాత్రం టెంట్ వేయకండి. వాన కొండల మీద ఎక్కడో పడుతుంది, నీళ్ళు మీ దగ్గరికొస్తాయి. దుబాయ్‌ని ముంచిన 2024 ఏప్రిల్ వాన చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

టెంట్‌తో పాటు వచ్చే సన్నటి మేకులు ఆ ఇసుక, గులకరాళ్ళలో నిలవవు. ఖాళీ బియ్యం సంచులు నాలుగు పట్టుకెళ్ళండి, ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతిపెట్టండి. సాయంత్రం గాలి లేదు కదా అని వదిలేస్తే అర్ధరాత్రి టెంట్ గాలిపటమవుతుంది. ఒడ్డున ఎండిన నాచు ఒక గీతలా పరుచుకుని ఉంటుంది, పోటు అక్కడి దాకా వచ్చిందన్నమాట. దానికి ఇంకా చాలా పైన వేసుకోండి, పౌర్ణమి, అమావాస్య రోజుల్లో అయితే మరీను.

ఇక మేకలు. ముసందమ్‌లో మేకలకి భయం, మొహమాటం రెండూ లేవు. బ్రెడ్ ప్యాకెట్, పేపర్ ప్లేట్లు, కుర్చీ మీద ఆరేసిన టవల్, దేన్నీ వదలవు. తిండి మొత్తం కార్లో పెట్టి తాళం వేయండి, చెత్త సంచి కూడా.

వంటకి ఎక్కువ హడావుడి వద్దు. మొదటి పూటకి ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం. చికెన్, చేపలు బోర్డర్ దాటించే టెన్షన్ ఎందుకు, ఖసబ్‌లో లులు సూపర్‌మార్కెట్ ఉంది, అక్కడే కొని బీచ్‌లో ఉప్పు, కారం, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి పట్టించండి. మసాలా డబ్బా మాత్రం ఇంటిదే తీసుకెళ్ళండి. దిర్హాములు అక్కడ తీసుకుంటారు. ఒక ఒమన్ రియాల్‌కి దాదాపు తొమ్మిదిన్నర దిర్హాములు, కాబట్టి ధర రెండు రియాళ్ళే కదా అని బుట్ట నింపేయకండి. నీళ్ళు మనిషికి రోజుకి ఐదు లీటర్లు లెక్కేసుకోండి, ఒంటికి పట్టిన ఉప్పు కడుక్కోవడానికి కూడా కావాలి. బొగ్గులు నేల మీద పోయొద్దు, స్టాండు వాడండి. అయిపోయాక ఇసుక కప్పేసి వెళ్ళిపోతారు చాలామంది, అది అస్సలు చేయకూడదు. ఇసుక కింద నిప్పు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది, పైకి ఏమీ కనపడదు, చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లాడు దాని మీదే కాలేస్తాడు. నీళ్ళు పోసి కలిపి, చుయ్‌మనడం ఆగేదాకా పోయండి.

ఆదివారం పొద్దున ధో అనే చెక్క పడవ ఎక్కండి, హాఫ్ డే చాలు. కొండల మధ్య సముద్రంలో డాల్ఫిన్లు పక్కనే ఈదుతాయి, టెలిగ్రాఫ్ ఐలాండ్ దగ్గర ఆపి ఈతకి వదులుతారు. 1860ల్లో బ్రిటిష్‌వాళ్ళు లండన్ నుంచి కరాచీకి వేసిన టెలిగ్రాఫ్ తీగ కోసం ఆ రాతిగుట్ట మీద స్టేషన్ పెట్టారు, వేసవిలో అక్కడ డ్యూటీ చేసినవాళ్ళని తల్చుకుంటే జాలేస్తుంది. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి, ఈత బట్టలతో షాపుల్లో తిరగకండి. ఏదైనా అయితే ఒమన్‌లో ఎమర్జెన్సీ నంబర్ 9999.

తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ డిక్కీ తెరవమంటారు, తడి టెంట్‌ని కింద ఇరికించి దాని మీద సామానంతా పేర్చకండి. ఇంటికొచ్చిన రోజే జిప్పుల్ని మంచినీళ్ళతో కడగండి, ఉప్పు పట్టేస్తే వచ్చే సీజన్‌కి కదలవు. ఆరేయడం మాత్రం హాల్లోనే, బాల్కనీ రెయిలింగ్ మీద వేస్తే మున్సిపాలిటీ ఒప్పుకోదు.